పెరట్లో నిలిచిన వాన

క్లాజినాకి డెబ్బై దాటాయి. ముక్కు సూటిగా ఉంటుంది, మాట అంతకన్నా సూటిగా ఉంటుంది. ఎవరొచ్చినా కాఫీతో ఒక్క బిస్కెట్టే పెడుతుంది. రెండోదాని వైపు చెయ్యి సాగేలోపు డబ్బా మూత టక్కున పడుతుంది. మనవలకీ అదే న్యాయం. వాళ్లు ఆ డబ్బాని బ్యాంకు అని పిలుస్తారు.

నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ ఊళ్లో ఆమె ఇల్లు మెత్తటి నేలలోకి దిగ్గొట్టిన చెక్క దుంగల మీద నిలబడింది. ఆ వీధిలో అన్ని ఇళ్లూ అంతే. ఎవరి దుంగలు ఎవరూ చూడలేదు, చూడాల్సిన అవసరమూ రాలేదు. చూసేదల్లా పెరడు. క్లాజినా పెరడంతా బూడిదరంగు పలకలు. శనివారం పొద్దున్నే సబ్బునీళ్లు పోసి అద్దంలా రుద్దేది. రెండు పలకల మధ్య గడ్డిపోచ తలెత్తిందా, వంటింటి కత్తితో దాని పని పట్టేది. వాన పడితే చినుకు ఎక్కడా ఆగకుండా డ్రైనేజీలోకి జారిపోవాలి.

దానికో కారణం ఉంది. పందొమ్మిదివందల యాభైమూడులో సముద్రం కట్ట తెంచుకుని, అప్పుడు వాళ్లుండే జేలాండ్ తీరం మీద పడ్డప్పుడు, ఏడేళ్ల క్లాజినా అటక మీద కూర్చుని, కింద వంటింటి కుర్చీలు తేలడం చూసింది. నిలబడ్డ నీళ్లని ఆ తర్వాత ఎప్పుడూ నమ్మలేదు. తొట్టి స్నానం కూడా చెయ్యదు.

అలాంటి మనిషికి ఒక వేసవిలో నీళ్లు లేకపోవడం చుట్టుకుంది. వసంతం నుంచి సరైన వాన లేదు. ముందు వంటింటి తలుపు బిగుసుకుంది. తర్వాత దాని పైన గోడ పగిలింది. కూతురు అన్నెలీస్ కంగారుపడి మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే మిర్తె అనే అమ్మాయి వచ్చి, పెరట్లో ఓ మూల సన్నటి గొట్టం దింపి, నేలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసింది.

"దుంగలు నీళ్లలో మునిగున్నంత కాలం వాటికేం కాదండీ. నీటిమట్టం దిగి వాటి తలలకి గాలి తగిలితే కుళ్లిపోతాయి," అంది మిర్తె. "భూమి వేడెక్కుతోంది కదా. నెలల తరబడి ఎండ, పడితే ఒక్కసారే కుండపోత. ఇదివరకులా సన్నగా పడి ఇంకే వానలు తగ్గిపోయాయి."

"ఆ మంచు ఎలుగుబంట్ల గొడవ మా వీధికెందుకొచ్చింది?" అంది క్లాజినా.

"వచ్చేసిందండీ. మట్టం ఇలాగే దిగితే మీరు ఇల్లు ఖాళీ చెయ్యాల్సి రావచ్చు."

"మా దగ్గరికి వచ్చేద్దువుగానీ అమ్మా," అంది అన్నెలీస్.

అన్నెలీస్ ఉండేది నాలుగో అంతస్తులో. క్లాజినా పగిలిన గోడ మీద చెయ్యి ఆనించింది. పెళ్లై అడుగుపెట్టిన ఇల్లు ఇది, భర్త కేస్ ఆఖరి శ్వాస విడిచిన ఇల్లు.

మర్నాడు ఆమె తనకి తోచిన వైద్యం మొదలుపెట్టింది. కుళాయికి గొట్టం తగిలించి, పొద్దున్నుంచీ పెరట్లో నీళ్లు వదిలింది.

పక్కింటి టూన్ కంచె మీంచి తల పెట్టాడు. ఆ వీధిలో క్లాజినా పలకలకి పోటీ అంటే అతని పలకలే. "ఏంటి క్లాజినా, రాజుగారు గానీ వస్తున్నారా? పలకలకి తలంటు పోస్తున్నావు?"

"ఇంటికి నీళ్లు తాగిస్తున్నా."

"తాగేది ఇల్లు కాదు తల్లీ, డ్రైనేజీ. అటు చూడు!"

చూసింది. నీళ్లన్నీ నున్నటి పలకల మీంచి జారి జాలీలోకి బుడబుడా పోతున్నాయి. ఒక్క చుక్క మట్టికి అందలేదు. నీళ్లు పొదుపు చెయ్యమని ఆ పొద్దున్నే రేడియోలో బతిమాలారు కూడా. క్లాజినా చెవులదాకా ఎర్రబడింది. కుళాయి కట్టేసి, మిర్తెకి తనే ఫోన్ చేసి, చేసిన ఘనకార్యం దాచకుండా చెప్పింది.

"నాకు మొదట్నుంచీ నేర్పమ్మాయ్. బుర్ర మొద్దే గానీ, ఓసారి ఎక్కితే దిగదు."

ఈ మాట మాత్రం నిజం. గురువారం గురువారం లైబ్రరీలో మిర్తె పాఠం చెబితే ముందు వరసలో కూర్చునేది. అర్థం కాకపోతే చెయ్యెత్తేది కాదు, నేరుగా అడ్డం పడేది. ఇంటికొచ్చి ఊరుకుందా? కూరలు కడిగిన నీళ్లు కుండీలకి. షవర్లో వేడినీళ్లు వచ్చేదాకా కారే చన్నీళ్లు బకెట్లోకి. మనవలు స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి చర్చి కీర్తన ఎత్తుకునేది. అది అయ్యేలోపు స్నానం అయిపోవాలి.

"ఓమా, కొంచెం నెమ్మదిగా పాడవా!" అని లోపల్నుంచి అమ్మమ్మకి కేకలు.

"ఇంకో చరణం కావాలంటే లోపలికొచ్చి పాడతా!"

ఆమె గొంతు విన్నవాళ్లెవరూ ఆ సాహసం చెయ్యలేదు.

తర్వాత గడ్డపార తెచ్చింది. ఏళ్ల తరబడి రుద్దిన పలకల్ని ఒక్కొక్కటే పెకలించింది. పైకప్పు వాననీటి గొట్టాన్ని డ్రైనేజీ నుంచి తప్పించి, పెరడు మధ్యలో తవ్విన గుంటలోకి మళ్లించింది. టూన్ చూసి, "పందులు కూడా తెస్తావా, పెరడొక్కటే చాలా?" అన్నాడు. "పక్కింట్లో ఒకటుందిగా," అంది ఈవిడ.

మిర్తె దింపిన గొట్టంలోకి రోజూ పొద్దున్నే కొలత టేపు వదిలేది. దాని చివర చిన్న ఇత్తడి గిన్నె బోర్లా ఉంటుంది. నీళ్లు తగలగానే 'ప్లప్' అంటుంది. ఆ శబ్దం ఎంతో లోతునుంచి వచ్చేది. వినీ వినగానే ఆమె మొహం వాడిపోయేది.

సెప్టెంబర్లో ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు వాన కురిసింది. గుంట నిండింది. నీళ్లు అంచు దాటి వంటింటి గుమ్మం వైపు పాకాయి.

టూన్ కిటికీలోంచి అరిచాడు: "చీపురు తీసుకో క్లాజినా! జాలీలోకి తోసెయ్!"

తీసుకుంది. ఆ చేతులకి వేరే పని తెలియదు. వానలో తడుస్తూ జాలీ వైపు నడిచింది, చీపురు ఎత్తింది. కళ్ల ముందు కుర్చీలు తేలుతున్నాయి.

"తోయ్! ఏం చూస్తున్నావ్?"

"ఉండనీ," అంది. టూన్‌కి వినపడలేదు. "ఉండనీయవయ్యా! మట్టి తాగనీ!"

చీపురు నేలకి ఊతంగా ఆనించి, నీళ్లకీ గుమ్మానికీ మధ్య అలాగే నిలబడింది. లోపలికి వెళ్లి తలుపేసుకోవచ్చు. వెళ్లలేదు. నీళ్లు గుమ్మానికి జానెడు దూరంలో ఆగాయి. వాన వెలిశాక చూస్తే మెల్లగా కుంగుతున్నాయి. ఆమె బొమికల్లో చలి మాత్రం వారం రోజులు కుంగలేదు. అన్నెలీస్ తిట్లు తింటూనే సూప్ తాగింది.

ఆ శరదృతువంతా వానలు పడ్డాయి. ప్లప్ పైకి పైకి వచ్చింది. మిర్తె వచ్చి కొలిచి, దుంగల తలలు మునిగాయంది, ఈ ఏటికి ఖాళీ మాట లేదంది. క్లాజినా ఆమెని వాటేసుకుంది. కానీ మిర్తె తీపి మాటలు చెప్పే రకం కాదు. "ఎక్కువ పుణ్యం వానలదేనండీ. వచ్చే వేసవి ఎలా ఉంటుందో తెలీదు. వీధంతటికీ నేల ఒకటే, మీ ఒక్క పెరడు చాలదు," అంది.

కంచె అవతల టూన్ ఇదంతా విననట్టు నటిస్తూ విన్నాడు. "ఇంతకీ... నా దుంగల సంగతేంటట?"

"నీవీ తాగుతున్నాయిలే. నా పెరట్లోంచి, ఊరికే."

టూన్ తన తళతళలాడే పలకల కేసి చూశాడు.

"ఆ గడ్డపార ఓసారి ఇటివ్వు."

ఇచ్చి, తనూ కంచె చుట్టూ తిరిగి వెళ్లింది. మొదటి పలక లేవడానికి మొరాయించింది. ఇద్దరూ కలిసి దాన్ని తిరగేశారు. అన్ని వానలు పడ్డా, కింద ఇసుక పొడిపొడిగా, తెల్లగా ఉంది.

"అయ్యో, ఎంత దాహం మీదుందో చూడు," అంది క్లాజినా, ఈసారి ఎగతాళి లేకుండా.