మేడ మీది గిలక

ఏలూరులో వీరరాఘవమ్మ మేడకు బావి గిలక పైఅంతస్తులో ఉండేది. చేంతాడు తెగినప్పుడల్లా, ఆవిడతో కలిపి పైనున్న మూడు వాటాలవాళ్లూ ఖర్చు పంచుకునేవారు.

పంతొమ్మిది వందల యాభై అయిదులో చివరి గదిలో అద్దెకుండే రత్నం పోయింది. గదికి తాళం పడింది. అయినా మిట్టమధ్యాహ్నం గిలక కిర్రుమనేది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు, చేంతాడు మాత్రం తడిసి ఉండేది.

వేసవిలో తాడు తెగింది.

"పోయినావిడ వాటా కూడా మేమే ఇవ్వాలాండీ?" అన్నాడు పక్కగది శేషగిరిరావు.

"అక్కర్లేదు లెండి, ఆవిడది నేనిస్తాను!" అని వీరరాఘవమ్మ కస్సుమంది.

కొత్త తాడు కట్టిన మర్నాడు మోకాళ్ల నొప్పితో ఆవిడ మంచం దిగలేదు. మధ్యాహ్నం గిలక కిర్రుమంది. కాసేపటికి చూస్తే, పొద్దున బోర్లించిన తన బిందె గడప దగ్గర నిండుగా ఉంది.

ఆ గది అద్దెకు అడిగినవాళ్లందరికీ ఆవిడ చివరిదాకా ఒకటే చెప్పింది: "ఖాళీ లేదండీ. మనిషి ఉంది."