లింబాయత్‌ల సగం మంచం

"దసరా నుంచి పత్తా ముట్టలేదే. నీ మీద ఒట్టు," అన్నడు మా ఆయన ఫోన్ల.

"అబద్ధం. నీ ఒట్లు ఎన్ని జూడలే నేను," అన్న.

మా ఇద్దరి ఆఖరు మాటలు గవ్వే. మెల్లగ అన్నయి గూడ కావు. ఏండ్లకేండ్లు మగ్గాల చప్పుడుల నిలబడి మా మల్లయ్యకు చెవులు పోయినయి. ఆయనతోని ఫోన్ల మాట్లాడాల్నంటే ఒర్రాలె. ఒర్రి ఒర్రి నా గొంతు గిట్ల బొంగురైంది. నేను 'అబద్ధం' అన్నది ఆయన ఇన్నడో లేదో గని, సిరిసిల్లల మా వాడకట్టంత ఇన్నది.

రెండు దినాలకు, ఛుట్టీ నాడు, సూరత్‌ల తానుండే గదిలనే గుండె ఆగి పోయిండు. బండిల వేసుకొని ఇంటికి తెచ్చిండ్రు. ఎంబడి వచ్చినోళ్ళల్ల ఒకడు, గదిల పత్తాలాట, గదే పేకాట, నడుస్తుండె అన్నడట. ఇగ జూడు, దినాలు కాకముందే మల్లయ్య పత్తాల కాడ పాణం ఇడిచిండని ఊరంత పాకింది. బీడీలు చేసే కాడికి నేను పోతే ఆడోళ్ళు గప్పున మాట ఆపేటోళ్ళు. నాకు గూడ మనసుల గదే వడ్డది. నా మీద ఒట్టేసి గూడ ఆడిండా? అడుగుదామంటే మనిషి లేడాయె. మాకు పిల్లలు గూడ లేరు, ఇంట్ల ఇంకెవల్ని అడుగుత?

ఏడాది తిరిగినంక రాజేశం ఫోన్ చేసిండు. రాజేశం జగిత్యాల దిక్కు మనిషి, నలభై దాటినోడు, ఆ గదిల మా ఆయనతోనే ఉండేటోడు. "వదినె, మా గల్లి కూలగొడుతున్నరు. పెద్ద రోడ్డు వస్తదట. అన్న రేకు పెట్టె ఉన్నది, పార్సల్ చెయ్యాల్నా?" అన్నడు.

"వద్దు. నేనే వస్త," అన్న.

నాకు సంతకం ఒక్కటే వస్తది. నేను చెప్తుంటే మా తమ్ముని బిడ్డ స్వప్న రాస్తున్నది. మన దిక్కు నుంచి సూరత్ పోయిన మొగోళ్ళు మస్తుమంది. వాళ్ళ ఆడోళ్ళు ఒక్కలే పోవాల్నంటే భయపడుతరు. తొవ్వ తెలుస్తదని చెప్తున్న, ఇనుండ్రి.

పొద్దున ఐదింటి బస్సు ఎక్కిన. ఆధార్ కార్డు చూపెడితే కండక్టర్ ఆడోళ్ళకిచ్చే పైసల్లేని జీరో టికెట్ ఇచ్చిండు. జూబ్లీ బస్టాండ్ల దిగి, ఆటోల సికింద్రాబాద్ స్టేషన్‌కు పోయిన. రాజ్‌కోట్ పోయే బండి మధ్యాహ్నం మూడు గొట్టంగ ఉంటది. టికెట్ స్వప్న ముందుగల్లనే ఫోన్ల చేసింది, కింద బెర్తు. మీరు గూడ కింద బెర్తే అడుగుండ్రి, మోకాళ్ళు బతుకుతయి. తినేతందుకు జొన్నరొట్టెలు, పండు మిరపకాయ తొక్కు కట్టుకున్న. బండ్లకు వచ్చే బిర్యానీ జోలికి పోకుండ్రి.

నా ఎదురుంగ కరీంనగర్ ఆమె కూసున్నది. సూరత్ రింగ్ రోడ్ మార్కెట్ల చీరెలు కొనుక్కొచ్చి ఇంటి కాడ అమ్ముతదట. పక్కపొంటి రాజమండ్రి పిలగాడు, సూరత్ కాడ హజీరాల పెద్ద కంపెనీల ఇంజనీరు. తాండూరు దాటినంక వాళ్ళిద్దరికి మాట కలిసింది. సూరత్‌ల ఏ రోడ్డు జూసినా తవ్వుడేనని చీరెలామె తిట్టుడు మొదలువెట్టింది.

"మెట్రో అయిపోతే బాగుంటుందండి. నది పక్కన పెద్ద సెంటర్ కూడా కడతారంటున్నారు. హోటళ్ళు, సినిమా హాళ్ళు. క్యాసినో కూడా పెట్టాలని కొంతమంది అడుగుతున్నారట," అన్నడు ఇంజనీరు.

"గదేంది బాబూ?" అన్న నేను.

"పెద్దోళ్ళ జూదమక్కా," అని చీరెలామె నవ్వింది. "గుజరాత్‌ల మందు బుడ్డి దొరికితెనే కేసు. ఇగ జూదానికి బిల్డింగా? ఉత్త ముచ్చట."

"చట్టం మారితే వస్తుంది కదండీ. ఆ డబ్బంతా ఇప్పుడు గోవా పోతోంది. సిటీ పెరగాలంటే అన్నీ ఉండాలి."

"మనోళ్ళు చాప మీద ఆడితే పోలీసులు పట్కపోతరు. గదే ఆట ఏసీల ఆడితే సిటీ పెరుగుతదా తమ్మీ?"

ఇంజనీరు నవ్వి ఫోన్ తీసిండు. నేను కిటికీ దిక్కు మళ్ళిన. మా ఆయనను గూడ ఒకపారి గట్లనే ఠాణాకు పట్కపోయిండ్రు. ఆ ముచ్చట నా చెవుల వడ్డంకనే, దసరాకు ఇంటికొస్తే ఒట్టేయించుకున్న. ఆ మాట వీళ్ళకేం చెప్త? రొట్టె ఇప్పి, మళ్ళ మూట కట్టిన.

తెల్లారి పదింటికి సూరత్‌ల దిగిన. చీరెలామె, "ఒక్కదానివే ఉన్నవ్, ఏమన్న అయితే ఫోన్ చెయ్యక్కా," అని నంబరు చెప్పి గబగబ పోయింది. ఫోన్ల నంబరు ఎక్కించుకునుడు నాకు రాదు. ప్లాట్‌ఫారం మీద గంతమంది మనుషులు, ఒక్కలు గూడ నన్ను జూడలే.

రాజేశం గేటు కాడ నిలబడ్డడు. రాత్రి డ్యూటీ దిగి అట్లనే వచ్చిండు, నెత్తిల దారపు పీసు. ఆయనకూ చెవులు సగమే. నేను పిలిస్తే సుట్టున్నోళ్ళంత మళ్ళి జూసిండ్రు, ఆయన జూడలే. పోయి భుజం తట్టిన.

మా ఆయన ఉన్న వాడ లింబాయత్‌కు షేర్ ఆటో, మనిషికి ఇరవై. మెట్రో పనికి అడ్డంగ రేకులు నిలబెట్టిండ్రు, ఆటోవాడు ఆ గల్లి ఈ గల్లి తిప్పితిప్పి తెచ్చిండు. దిగంగనే నేను చెవులు పెట్టిన. ఇన్నేండ్లు ఆయన ఫోన్ చేసినప్పుడల్ల ఎనుక నుంచి మగ్గాల చప్పుడు ఇనవడేది. గా చప్పుడు నడుమ నిలబడి ఒక్కసారన్న ఇనాల్ననుకొని వచ్చిన. ఏం ఇనవడలే.

"ఇయ్యాల ఛుట్టీ వదినె, మగ్గాలు బంద్," అన్నడు రాజేశం.

గల్లి పొడుగూత గోడల మీద ఎర్ర రంగుతోని నంబర్లు రాసి ఉన్నయి. గది మా వంటింటంత లేదు. గోడకు రెండు మొలలు, మూలకు ఆయన రేకు పెట్టె, ఒక ఇనుప మంచం.

"రెండో మంచం ఏది?"

"రెండోది ఎందుకు వదినె? అన్నకు పగటి డ్యూటీ, నాకు రాత్రి. ఆయన లేచిపోయినంక నేను పండేది. ఇప్పుడు గూడ అంతే, ఆర్మూర్ ఆయన వచ్చిండు అన్న జాగల."

'సూరత్‌ల నాకొక మంచం ఉన్నది' అనే చెప్పేటోడు మా ఆయన. సగమే అని ఎన్నడు చెప్పలే.

పదకొండింటికి గల్లి చివర కార్ఖానా వాకిట్ల మీటింగ్ అయింది. రోడ్డు ముచ్చట మాట్లాడేతందుకు కార్పొరేషన్ నుంచి తెల్లంగి ఆయన ఒకడు మైకు, రోడ్డు గీసిన నక్ష పట్టుకొని వచ్చిండు. ముసలి కార్మికుడు ఒకాయన లేచిండు.

"గీ రోడ్డు యాడికి పోతది సాబ్? నది కాడ కట్టే జూదం బిల్డింగ్‌కేనా? కార్లు పోయేతందుకు మా ఇండ్లు కూలాల్నా?"

"అది అఫ్వా హై కాకా, ఉత్త పుకారు," అన్నది ఈడనే పుట్టి పెరిగిన ఒక ఆడివిల్ల. "క్యాసినో పక్కా కాదు. రోడ్డే పక్కా."

"అంటే ఆడేది ఉత్తది, కూలేది ఖరారా బిడ్డా?" అన్నడు ముసలాయన.

వాకిలంత లొల్లి. సగం మందికి మైకు ఇనవడక, ఏమన్నడు ఏమన్నడని పక్కోన్ని అడుగుతున్నరు. చాయ్ హోటల్ గంగారాం నిలబడి చేతులూపుకుంట ఒర్రిండు. "కట్టనియ్యిండ్రి వయా! మన రాజేశంకు అందుల నౌకరి దొరుకుతది. మంచం పందెం పెట్టి ఆడినోడు దునియాల ఇంకెవడున్నడు?"

అందరు నవ్విండ్రు. రాజేశంకు ఇనవడలే గని, అందరు తన దిక్కే జూస్తున్నరని తాను గూడ నవ్విండు. నాకు నవ్వు రాలే. చెయ్యి పట్టుకొని గదికి తీస్కపోయిన.

"మంచం పందెం ఏంది?" చెవి కాడ ఒర్రిన.

"మెల్లగ వదినె, గల్లంత ఇంటది."

"ఇననియ్యి!"

పెట్టె మీద కూసున్నడు. "ఛుట్టీ నాడు ఇద్దరం గదిలనే ఉంటం. మంచం ఒక్కటే. మూడాటలు ఆడేది. గెలిచినోనికి మంచం, ఓడినోనికి చాప. గంతే మా జూదం. పోలీసులు పట్కపోయిననాడు గూడ దేనికి ఆడుతున్నరని అడిగిండ్రు. 'మంచానికి సాబ్' అన్నడు అన్న. ఠాణాల ఎవలు నమ్మలే. ఒకటే నవ్వుడు."

"దసరా నుంచి?" ఇన్నేండ్లు ఒర్రిన గొంతు, గప్పుడు రాలే. మళ్ళ అడిగిన. "దసరా నుంచి ఆడిండా?"

"ముట్టలే. 'మా ఇంటామెకు ఒట్టేసిన, మంచం నువ్వే తీస్కో' అన్నడు. రూపాయి ఎగరేద్దామన్న. అది గూడ ఆటేనన్నడు. ఇగ ప్రతి ఛుట్టీకి చాప పరుచుకునుడే."

"ఆఖరు దినం?"

"ఆ దినం గూడ అంతే. మేం నలుగురం మంచం మీద కూసోని ఆడుతున్నం. అన్న కింద గీ గోడ దిక్కు మళ్ళి పండుకున్నడు. చాయ్ వచ్చిందని లేపితే లేవలే." మొఖం తుడుసుకున్నడు. "ఏమైంది వదినె? ఊర్ల ఎవలన్న ఏమన్న అన్నరా?"

రాజేశం అన్నం తెస్తనని పోయిండు. మంచం మీద పండుకోమన్నడు గని, నేను చాప పరుచుకొని గోడ దిక్కు పండుకున్న. బండ సల్లగుండె. నా ఒట్టు ఆయనను గీ బండ మీద పండవెట్టింది. ఏడుద్దామంటే ఏడుపు రాలే. ఇటు మళ్ళిన.

మంచం అడుగు కనవడ్డది. నవారు తెగిన కాడల్ల ఎర్రది, పచ్చది, నీలిది, మగ్గం దారం పోగులతోని కుట్టి ఉన్నది. ముడులు జూస్తే తెలిసింది, మా ఆయనవి. మా ఇంట్ల దోమతెరకు గూడ గట్లనే వేసిండు. మీద పండుకున్నోనికి ఆ కుట్లు కనవడయి, కింద పండుకున్నోనికే కనవడుతయి. ఛుట్టీ నాడు చాప మీద ఎల్లెలకల పండుకొని, మీద ఇంకొకడు పండే నవారు కుట్టిండు.

రాజేశం వచ్చినంక చూపెట్టిన. వంగి చానసేపు జూసిండు. "నేను ఏనాడు కిందికి జూడలే వదినె," అన్నడు. వాళ్ళు పాండేసర దిక్కు గది జూసుకున్నరట, మంచం తుక్కుకు వేస్తరట. "నవారంత నువ్వే తీస్కపో."

"సగమియ్యి. సగం నీది. నువ్వు గూడ పండుకున్నవ్ దాని మీద."

రాజేశం నవారు ఇప్పేసి, మగ్గం కత్తెరతోని సరింగ నడుమల కత్తిరిచ్చిండు. ఆ రాత్రి నన్ను గంగారాం ఇంట్ల పండవెట్టిండ్రు, వాళ్ళ ఆడామె కోడిగుడ్డు పులుసు వండి పెట్టింది. సూరత్‌ల లాడ్జీలు ఎట్లుంటయో నాకు తెల్వది.

తెల్లారి మళ్ళ గదే బండి, ఇటు మొఖాన. స్టేషన్‌కు వస్తుంటే తొవ్వంత తవ్విన గుంతలు, లేస్తున్న స్తంభాలు. ఆ ఊరు పెరుగుతనే ఉంటది. క్యాసినో వస్తదో రాదో నాకు తెల్వది గని, మళ్ళ ఎన్నడన్న పోతే ఆ గల్లిని నేను గుర్తుపట్టలేను. మీలెవలన్న పోతే లింబాయత్‌ల మా గల్లిని అడుగకుండ్రి, దొరకదు.

బండిల ఒక ముసలామె నా మూట జూసి, "ఏం కొన్నవమ్మా సూరత్‌ల? చీరెలా?" అన్నది.

"మా ఆయన మంచం," అన్న. పిచ్చిదనుకొని జరిగి కూసున్నది. కూసోనియ్యి. రేకు పెట్టె సీటు కిందికి తోసి, సిరిసిల్ల దాక మూట ఒడిలనే పెట్టుకొని వచ్చిన.

ఆ నవారు ఇంట్ల మంచానికి సరిపోలే, సగందాక అల్లిన. నేనొక్కదాన్నే ఆయె, ముడుసుకొని పంటె సాలుతది.

ఇగ సాలు స్వప్నా, కలం పెట్టు. తలుపు బార్ల తెరిచి, మొదటికెల్లి సదువు. నేనన్న 'అబద్ధం' కొట్టెయ్యకు, ఉండనియ్యి గని దాన్ని మెల్లగ సదువు. ఆయన అన్నది మాత్రం గట్టిగ సదువు బిడ్డా, వాడకట్టంత ఇనేటట్టు.