రానీ, రానీ...

గోడౌనుకి లారీ వచ్చిందంటే దాన్ని వెనక్కి రప్పించి, సరుకు దించే అరుగు అంచుకి గీరుకోకుండా ఆనించే పని ఆయనది. నోట్లో ఈల, గాల్లో చెయ్యి. అందరికీ ఈలమామ. ఆ పనిలో నిజంగానే చెయ్యి తిరిగినవాడు. డ్రైవర్లు అద్దాలు చూడ్డం మానేసి ఆయన చేతినే చూసేవాళ్లు. "నువ్వు రమ్మంటే కళ్లు మూసుకుని వచ్చేస్తాం మామా" అనేవాళ్లు. అది మెచ్చుకోలనే అనుకున్నాడు.

బావమరిదిని అక్కడ పనిలో పెట్టించిందీ ఆయనే. ఒక సాయంత్రం ఎండ సూటిగా కళ్లలోకి కొడుతోంది. పక్క లారీ ఇంజను హోరుమంటోంది. ఆయన "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపాడు. చిరిగిన బస్తాలోంచి ఒలికిన గింజలు ఊడుస్తున్న బావమరిది లారీకీ అరుగుకీ మధ్య చిక్కుకున్నాడు. కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి తమ ముందుగదిలోనే ఉంచుకున్నారు. భార్య ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించేది ఆయనకి.

కొన్నాళ్లకి ప్రమాదాల గురించి పాఠాలు చెప్పే మేడమ్ వచ్చింది. జరిగిన ప్రమాదాన్నే మళ్లీ నటింపజేసి వీడియో తీసి, దాంతో నేర్పిస్తుంది. "తప్పెవరిదని నేను అడగనండీ. ఆ క్షణంలో మీకేం కనిపించింది, ఏం వినిపించింది, అంతే అడుగుతాను" అంది. ఆ మాటకే ఆయన గుండె మీంచి బండ దింపినట్టయింది. మీ పాత్ర మీరే వెయ్యాలంటే కాదనలేకపోయాడు.

అదే చోటు, అదే వేళ. బావమరిది స్థానంలో వీడియో వాళ్ల మనిషి ఒకడు కొత్త పసుపు టోపీ పెట్టుకుని చీపురు పట్టుకున్నాడు. కెమెరా ఈయన భుజం పక్కన. లారీ కదిలేసరికి ఈలమామ చెయ్యి గాల్లో బిగుసుకుపోయింది. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ అంతే.

"మేడమ్, ఈసారి నేను ఆపేస్తాను. ఆపేసినట్టే తీయండి."

"ఆపేస్తే పాఠం ఉండదు కదండీ" అంది ఆవిడ, మెత్తగానే.

ఊపాడు.

వీడియో బాగా కుదిరింది. కొత్తగా చేరిన ప్రతి బృందానికీ చూపించేవాళ్లు. ఏమైనా అడిగితే చెప్పడానికని ఆయన్ని వెనక కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. మేడమ్ బొమ్మ ఆపి ఆపి చెప్పేది: ఎండ చూడండి, చప్పుడు వినండి, ఊడ్చేవాడు అక్కడున్నాడని ఈయనకి చెప్పే ఏర్పాటే లేదు చూడండి. అందరూ తలలూపేవాళ్లు. చివర్లో ఎవడో ఒకడు "ఎన్ని చెప్పినా, చెయ్యి ఊపింది ఆయనే కదండీ" అనేవాడు. మేడమ్ విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి వేసేది. ఈలమామ మళ్లీ చూసేవాడు.

ఆ వీడియో ఫోన్లలోకి పాకింది. ఒకరోజు భోజనాలయ్యాక బావమరిది ఫోను పక్కన పెట్టి అడిగాడు.

"బావా, ఇందులో లారీ కదిలే ముందు ఊడ్చేవాడు ఒక్క క్షణం కనబడ్డాడు. ఆ రోజు నేను నీకు కనబడ్డానా?"

ఈలమామ జ్ఞాపకాన్ని తవ్వుకున్నాడు. కళ్ల ముందుకి పసుపు టోపీ వచ్చింది. దాన్ని పక్కకి నెట్టి చూశాడు. ఎండ వచ్చింది, అదీ వీడియో తీసిన రోజుదే. అసలు రోజు ఎక్కడా లేదు.

"గుర్తు లేదురా."

"గుర్తు లేదా, చెప్పలేవా?"

"నాకు టోపీ కనబడుతోందిరా."

"నేనెప్పుడు టోపీ పెట్టుకున్నాను బావా?"

చూడలేదని ఒక్క అబద్ధం ఆడేస్తే పోయేది. కానీ రెంటిలో ఏది అబద్ధమో ఆయనకే తెలీదు. వంటగది గుమ్మంలో భార్య గిన్నె మూత పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్లూ ఆవిడ నోరు మెదపనిదీ ఈ ప్రశ్న కోసమేనని అప్పుడు తెలిసింది ఆయనకి.

మర్నాడు మేడమ్‌ని అడిగాడు. అసలు రోజు బదులు ఆ టోపీయే ఎందుకు కనబడుతోందని.

"అలా జరుగుతుందండీ. మళ్లీ మళ్లీ చూస్తే ఆ చూసిందే జ్ఞాపకమై కూర్చుంటుంది. మిమ్మల్ని అన్నిసార్లు కూర్చోబెట్టకుండా ఉండాల్సింది."

"మరి అసలుది తిరిగి రాదా?"

"వచ్చినా, అది అసలుదేనని చెప్పలేమండీ."

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లాక అరుగు దగ్గర కళ్లు మూసుకుని నిలబడి చూశాడు. చెయ్యి కూడా ఎత్తాడు. ఏమీ రాలేదు.

ఆ వారంలోనే బావమరిది పెద్దక్క ఇంటికి బయల్దేరాడు. ఈలమామే బస్సెక్కించి, ఊతకర్రలు పక్కన సర్దాడు.

"నీ మీద కోపం లేదు బావా. చూశానన్నా, చూళ్లేదన్నా, ఏదో ఒకటి చెబితే దిగమింగుకునేవాణ్ణి. ఏదీ లేకుండా పోయింది."

బస్సు వెళ్లిపోయింది. భార్య ముందు నడిచింది, ఆయన వెనక. వీధి మలుపులో ఆవిడ తల తిప్పకుండానే అడిగింది.

"ఇంకా గుర్తు రాలేదాండీ?"

"లేదే" అన్నాడు.