నేను విప్పిన రెండు ముడులు

మా చిన్నప్పుడు... అరకు పైన కొండ మీద మా ఊరు. ఆ వానాకాలం మా గుమ్మం పక్కన అడ్డనార తాడొకటి వేలాడింది. దానికి తొమ్మిది ముడులు. రోజూ పొద్దున్నే అమ్మ చోడి అంబలి దించి, చేతులు తుడుచుకుని, ఒక ముడి విప్పేది. ముడులన్నీ అయిపోయిన రోజు మా అక్కని గెడ్డ, అంటే కొండవాగు, దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి... అదీ లెక్క.

తాడు కట్టిచ్చింది దిసారి తాత. పెళ్ళికైనా, విత్తనాలకైనా మా ఊరికి మంచిరోజు చెప్పేది ఆయనే. అక్కకి నెలలు నిండాయి. మాకూ రోడ్డుకీ మధ్య గెడ్డ, దాని మీద అప్పటికి వంతెన లేదు. ఆశా వర్కరు వచ్చి "బేగి దించీండి, ఆసుపత్రి కాడుంటేనే మంచిది" అని చెప్పి వెళ్ళింది. తాత మాత్రం వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "తొమ్మిది పొద్దులు కదపొద్దు. గెడ్డ ఊరుకోదు" అన్నాడు.

చెప్పింది అక్క గురించి... చూసింది మాత్రం నా వైపు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అసలు నాకు అనుమానం కాస్త ఎక్కువే లెండి. కూర బాగుందంటే ఎవరు వండారో కనుక్కునే రకం నేను. దానికి తోడు మా సైన్సు సారు చెప్పిన కథొకటి బుర్రలో తిరుగుతోంది. అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి, జ్వరమొచ్చి ఇంటికొచ్చాను. రావడానికి ముందు, జోరువానలో పాఠం ఆపేసి సారు ఆ కథ చెప్పారు.

ఒకాయన తమ్ముడు బస్సు కింద పడి పోతాడు. ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రం చేస్తాడు. సరిగ్గా ఆ రోజుకి, ఆ రోడ్డుకి వెళ్తాడు. తమ్ముడు రోడ్డు దాటుతుంటాడు. "ఆగు!" అని అరుస్తాడు. ఆ అరుపు విని తమ్ముడు రోడ్డు మధ్యలో ఆగి వెనక్కి తిరుగుతాడు... అప్పుడే బస్సు వస్తుంది.

"మరి ఆయన అరవకపోతే సార్?" అని అడిగాను.

"అరవకుండా ఉండటం అతని చేతుల్లో లేదమ్మా" అన్నారు సారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతుల్లో లేకపోవడమేంటి? నోరు మూసుకుంటే సరిపోయేది కదా!

జ్వరంతో పడుకుని ఆ తాడునే చూస్తుంటే మళ్ళీ అదే కథ. తాత వద్దన్నాడని మేం ఆగాం. ఆగేకొద్దీ గెడ్డ పెరుగుతోంది. అక్కని గెడ్డ పాలు చేసేది ఆ మాటే అయితే...?

నాన్నకి చెప్తే, "దిసారి మాట కాదంటావేటే గుంటా!" అని కసిరాడు. కానీ ఆయన గొంతులోనూ భయమే వినిపించింది నాకు.

నాలుగో రోజు అమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఒక ముడి విప్పేశాను. ఆరో రోజు ఇంకొకటి. సారు కథలో ఆయనకి పెద్ద యంత్రం కావలసొచ్చింది... నాకు గోళ్ళు సరిపోయాయి.

అమ్మ తాడుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవులైనా ముట్టుకున్నారేటి?"

"నువ్వే కదా విప్పావు..." అన్నాను, అంబలి డొప్పలో మొహం పెట్టేసి. వానకి ఆ వారం ఎవరూ సంతకి దిగలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే రోజుల లెక్కలో దొరికిపోయేదాన్ని.

ఏడో రోజుకే తాడులో ముడి లేదు. నాన్న, బాబాయి అక్కని డోలీలో మోసుకుంటూ గెడ్డలోకి దిగారు. వెనక నేను. మోకాళ్ళ పైదాకా నీళ్ళు. సగం దాటాక నాన్న కాలు జారింది... డోలీ ఒక పక్కకి ఒరిగిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఆ కథలో అరిచినవాడు తాత కాదేమో... నేనేనేమో! ముడులు విప్పి అక్కని ఇక్కడికి తెచ్చింది నేనే కదా. "నాన్నా!" అన్న కేక గొంతు దాకా వచ్చేసింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసేసుకున్నాను. అంత భయం నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

నాన్న నిలదొక్కుకున్నాడు. దాటేశాం.

మర్నాడు మధ్యాహ్నం గెడ్డ పొంగింది. మూడు రోజులు మనిషన్నవాడు దాటలేదు. తొమ్మిదో రోజు ఆసుపత్రిలో అక్కకి కూతురు పుట్టింది. అసలు లెక్క ప్రకారం ఆగి ఉంటే, ఆ రోజు అక్క నొప్పులతో గెడ్డకి ఇవతలే ఉండేది.

ఊరికి తిరిగొచ్చాక మనసు ఆగక తాత దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. ఏడుస్తూ నా తప్పంతా చెప్పేశాను. తాత పగలబడి నవ్వాడు.

"ఏడుత్తావేటే గుంటా... ఆ రెండూ నేను ఎక్కువ ఏసినవే. నీ సెయ్యి ఊరుకోదని నాకు తెలీదేటి?"

ముందు హాయిగా అనిపించింది. ఇంటికొచ్చేసరికి కోపం వచ్చింది. అంటే నా ధైర్యం కూడా ఆయన లెక్కలోదేనా? పడుకోబోతుంటే ఇంకో అనుమానం... ముసలాయన పరువు కోసం అప్పటికప్పుడు అల్లేశాడేమో!

అంతా ఒక్క చోటే తేలాలి. నేను ఏడుస్తూ చెప్పినప్పుడు "రెండు ముడులు" అన్నానా, ఊరికే "ముడులు" అన్నానా? రెండు అన్న మాట ముందు ఎవరి నోట వచ్చింది? ఆయన నోటే అయితే, ఆయనకి ముందే తెలుసన్నమాట. ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. మళ్ళీ అడుగుదామనుకునేలోపే, ఆ చలికాలం నేను బళ్ళో ఉండగా తాత పోయాడు.

ఇప్పుడు గెడ్డ మీద వంతెన ఉంది. ఆ రోజు పుట్టిన పిల్ల ఇంటర్ చదువుతోంది. ఫోన్ చూసి "పిన్నీ, నాలుగింటికి వాన" అంటుంది, గొడుగు తీసుకుని వెళ్ళిపోతుంది. దానికి ఏ అనుమానమూ లేదు. ఇప్పుడు మా ఊళ్ళో ముడులు వేసేవాళ్ళూ లేరు, దొంగచాటుగా విప్పేవాళ్ళూ లేరు...

మీరు సొంతంగా తీసుకున్నామనుకున్న నిర్ణయం వెనక, తర్వాతెప్పుడో ఇంకెవరి చెయ్యో కనిపించిందా? ఉంటే రాయండి, చదవాలనుంది.

నాకైతే సారు చెప్పిన యంత్రం దొరికితే ఆ అరుగు దగ్గరికే వెళ్తాను. ఏమీ మార్చను. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి, "రెండు" అని ముందు ఎవరన్నారో విని వచ్చేస్తాను.