దవడ మాస్టారు

మా దవడ మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: హీరోగా ఉండి దెబ్బలు తినడం. మామూలుగా తినడం కాదు, అడిగి వడ్డించుకుని మరీ తినేవారు. కరాటేలో ఆయన కాలు లేచిందంటే కెమెరామన్ ఫోకస్ అందుకోలేక తల పట్టుకునేవాడు. అంతటి మనిషి, తన ఫైట్లన్నీ తానే కూర్చుకుంటూ, ప్రతి రౌడీ చేతా దవడ మీద ఒక్కటైనా వేయించుకునేవారు. విలన్ చేత సరే, విలన్ కారు తలుపు తీసేవాడి చేత కూడా!

నేను ఆయన సినిమాలకు ఎడిటర్ని. అంటే ఆయన తిన్నవాటిని అరిగించే బాధ్యత నాది. నిర్మాతలు నా వెనక కూర్చుని "ఆ దెబ్బ తీసేయవయ్యా" అనేవారు. తీయడం కుదిరేది కాదు. మాస్టారి పనితనం అటువంటిది. రౌడీ గుద్దుతాడు, ఆ గుద్దుకు హీరో గిర్రున తిరుగుతాడు, ఆ తిరుగుడులోనే కాలు లేచి రౌడీని తన్నుతుంది. గుద్దు కత్తిరిస్తే హీరో ఏ కారణమూ లేకుండా బొంగరంలా తిరుగుతాడు. ఒక నిర్మాత మరీ పట్టుబడితే తీసి చూపించాను.

"ఏమయ్యా, హీరోకి కళ్ళు తిరిగాయా?" అన్నాడాయన.

దెబ్బను సగౌరవంగా మళ్ళీ అతికించాను.

అభిమానులు కొంతకాలం ఓర్చుకున్నారు. "మీవాణ్ణి కారు తలుపు తీసేవాడు కూడా వాయించాడటగా!" అని అవతలి హీరో అభిమానులు వెక్కిరించడం మొదలెట్టాక వాళ్ళూ చేతులెత్తేశారు. సినిమాలు వరసగా పోయాయి. పోస్టర్ మీద ఆయన బొమ్మ ఏటేటా చిక్కిపోయి, చివరికి 'ఫైట్స్' అన్న మాట పక్కన ఒట్టి పేరుగా మిగిలింది.

అప్పట్నుంచీ ఆయన ఏం మాట్లాడినా సంతాపసభలో మాట్లాడినట్టే ఉండేది. బాగున్నారా అంటే, "మోకాలు బాగాలేదు, సినిమాలు బాగాలేవు, రాబోయే కాలం అసలే బాగాలేదు" అనేవారు. విచారకరమైన సంగతేమిటంటే, మూడూ నిజమే.

హీరోగా ఉన్న రోజుల్నుంచీ వాళ్ళావిడ ఐసుముక్కలు గుడ్డలో మూటగడుతూ నాతో మొరపెట్టుకునేది. "చూడన్నయ్యా, అందరి మొగుళ్ళూ సాయంత్రం పళ్ళో పలహారమో తెస్తారు. ఈయన వాపులు తెస్తాడు."

"మాస్టారూ, కాస్త పక్కకు జరగొచ్చు కదా?" అనేవాణ్ణి నేను.

"జరిగి మటుకు ఏం బావుకుంటానయ్యా?"

చాలాకాలం ఖాళీగా ఉన్నాక ఒక సినిమా వచ్చింది. మాస్టారు బయల్దేరుతుంటే వాళ్ళావిడ గుమ్మంలో ఆపింది. "ఈ ఒక్కసారీ వాళ్ళు చెప్పినట్టు చెయ్యండి. ఇదీ పోతే ఇంకెవరూ పిలవరు. మీకు దణ్ణం పెడతా."

ఆ సినిమా హీరో కొత్తవాడు. అద్దంలో జుట్టు సవరించుకుంటూ శాసనం వెలువరించాడు. "మాస్టారూ, నన్నెవడూ కొట్టకూడదు. నా ఇమేజ్ ఏం కావాలి?"

"ఒక్కటే బాబూ. గోడ చేత ఒకే ఒక్కటి."

గోడ అంటే ఇటుకలది కాదు. హీరోలు విసిరేస్తే వెళ్ళి గోడలకు గుద్దుకోవడమే జీవితంగా గడిపిన ముసలి ఫైటరు. మాస్టారి దగ్గర చేయడం అతనికిదే మొదలు. నడుం పడిపోయింది గనుక ఇదే చివర.

నిర్మాత అడ్డం వచ్చాడు. "ఆ దెబ్బ ఉంటే మీకిదే ఆఖరి సినిమా. ఆలోచించుకోండి."

"ఆఖరిదేనని నాకూ అనిపిస్తోందిలెండి," అన్నారు మాస్టారు.

హీరో భోజనానికి వెళ్ళగానే మాస్టారు అతని కోటు తొడుక్కున్నారు. పొట్ట దగ్గర అది కలవనని మొరాయించింది. కెమెరాను తన వీపు వెనక పెట్టించారు కాబట్టి గుండీలతో పనిలేకపోయింది.

"కొట్టు గోడా."

"మీమీద చెయ్యెత్తనా? నావల్ల కాదు మాస్టారూ!"

"ఈ వయసులో ఉత్తుత్తి గుద్దుకు తిరగడం నాకు రాదయ్యా. తగిలితేనే తిరుగుతా. కొట్టు!"

గోడ కళ్ళనీళ్ళతో కొట్టాడు. మాస్టారు అద్భుతంగా తిరిగారు. కాలు కూడా లేచింది. లేచిన కాలును దించడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

మర్నాడు నా ఎడిటింగ్ గదిలో నిర్మాత ఆ షాట్ చూసి కుర్చీలోంచి లేచాడు. "తీసేయ్!" తీశాను. హీరో యథావిధిగా బొంగరమయ్యాడు. నిర్మాత కాసేపు కణతలు నొక్కుకున్నాడు. "పెట్టేయ్," అని నాతో చెప్పి, వెనక కూర్చున్న మాస్టారివైపు తిరిగాడు. "మీరు మాత్రం ఇక రానక్కర్లేదు."

"నేనూ అదే అనుకున్నానండి," అన్నారు మాస్టారు, దవడకు ఐసుమూట అదుముకుంటూ.

నిర్మాత వెళ్ళాడో లేదో, గోడ తలుపు తోసుకుని వచ్చాడు. వెంట బట్టల కొట్లో పనిచేసే కూతురు.

"అయ్యా, మా అమ్మాయికి ఒక్కసారి చూపిస్తారేమోనని..."

ఆ అమ్మాయి సిగ్గుపడుతూ అంది. "చిన్నప్పుడు ప్రతి సినిమాకీ తీసుకెళ్ళేవాడండీ. 'అదిగో, ఆ వీపు నాదే' అనేవాడు. వీపు చూసి ఎవరు నమ్ముతారు? బళ్ళో చెబితే నవ్వారు. ఇక చెప్పడం మానేశా."

షాట్ వేశాను. తెరనిండా గోడ ముఖం: మీసం, మండే కళ్ళు, దూసుకొచ్చే పిడికిలి.

ఇన్నేళ్ళూ ఆ యంత్రం ముందు కూర్చుని నేను గమనించనిది అప్పుడు కనబడింది. దెబ్బ తిన్న రౌడీ ముఖం పక్కకు పోతుంది. ఎగిరిపడ్డవాడి అరికాళ్ళే కనిపిస్తాయి. ఫైటరు ముఖం తిన్నగా కెమెరాకు దొరికేది ఒక్క క్షణమే, అతను హీరోను కొట్టేటప్పుడు. తన దగ్గర పనిచేసిన ప్రతివాడికీ మాస్టారు ఆ క్షణం ఇచ్చారు. అందుకు తన దవడనూ, దాని వెంబడి తన పోస్టర్లనూ వదులుకున్నారు.

"ఇందుకా మాస్టారూ ఇన్నాళ్ళూ?"

"నీ మొహం! నాకు తప్పించుకోవడం చేతకాదు, అంతే."

"ఇంకోసారి వెయ్యండీ!" అంది ఆ అమ్మాయి. వేశాను. మళ్ళీ అంది, మళ్ళీ వేశాను. చివరికి ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని అడిగింది. "నాన్నా, పాపం, నీచేత అంత దెబ్బ తిన్నాయన ఎవరు?"

గోడ నోరు తెరిచేలోగా వెనక చీకట్లోంచి మాస్టారు అందుకున్నారు.

"ఎవడో డూప్‌లేమ్మా. వాడి మొహం ఎవడిక్కావాలి?" అని, వాపు లేని వైపున నవ్వారు.