పది మార్కుల ఓర్పు

అరకు దాటి కొంత దూరం వెళ్లాక తారురోడ్డు మీంచి ఓ మట్టిబాట కిందికి దిగుతుంది. ఆ దిగువనున్న ఊళ్లో లూర్దమ్మ ఇల్లెక్కడని అడిగితే పాకే పిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. ఎందుకంటే ఆ ఊరి పిల్లలందరి ముక్కులూ ఆవిడ తుడిచినవే. అంగన్‌వాడీలో ఆయా. గుడ్లు ఉడకబెట్టడం, సాంబారు కాయడం, ఏడ్చేవాళ్లని చంకనెత్తుకోవడం ఆవిడ పని. టీచరుగారు మీటింగుకెళ్లిన రోజున అఆలు దిద్దించడం కూడా ఆవిడ పనే. టీచరుగారు వారంలో సగం రోజులు మీటింగులోనే ఉండేవారు. ఆ టీచరుగారు త్వరలో రిటైరవుతారనీ, పదో తరగతి పాసైన ఆయాకే ఆ ఉద్యోగం ముందిస్తారనీ చెవిన పడేసరికి, ఏడో తరగతిలో ఆగిపోయిన లూర్దమ్మ నలభై దాటిన వయసులో వెళ్లి ఓపెన్ టెన్తులో చేరిపోయింది.

ఆవిడ భర్త బర్నబా ఇలాంటి తొందరపాటు మనిషి కాదు. ఆయనకు కొండవాలులో ఎకరన్నర కాఫీ తోట ఉంది. కాఫీ ఏడాదికి ఒక్కసారే పండుతుంది కాబట్టి, దాని మనసు నొప్పించకుండా ఆయన కూడా ఏడాదికి ఒక్కసారే పనిచేసేవాడు. మిగిలిన కాలమంతా ఆలోచన. టూరిస్టులకు గుడారాలు వేద్దామని ఓ ఏడు ఆలోచించాడు, బొంగు చికెన్ బండి పెడదామని ఓ ఏడు ఆలోచించాడు. ఆలోచనకు నులకమంచం కావాలి, తోడుగా జాకబ్ కావాలి, ఇద్దరికీ టీ కావాలి. జాకబ్ ఆయన చిన్ననాటి స్నేహితుడు. తను పెళ్లి చేసుకోలేదు గానీ, బర్నబా సంసారం ఎలా నడవాలన్న దాని మీద ఆయనకు బోలెడు అభిప్రాయాలుండేవి.

లూర్దమ్మ టీ ఇచ్చేది. టీతో పాటు నాలుగు మాటలు కూడా ఇచ్చేది. ఆ మాటలు టీ కంటే వేడిగా ఉండేవి. అయినా పాతికేళ్ల అలవాటు కాబట్టి బర్నబా రెంటినీ ఊదుకుంటూ తాగేసేవాడు.

ఓపెన్ టెన్తు క్లాసులు ఆదివారాల్లో. చర్చిలో పూజ అవగానే లూర్దమ్మ పుస్తకాల సంచీ తగిలించుకుని అరకు ఆటో ఎక్కేది. తెలుగు చెప్పే రవిబాబు మాస్టారు శృంగవరపుకోట నుంచి ఘాట్‌రోడ్డు మీద బస్సులో, ఒళ్లో మూడు గిన్నెల క్యారేజీ పెట్టుకుని వచ్చేవారు. మాస్టారిది మంచి గొంతు. పాఠం చదువుతుంటే ఆయన కళ్లే ముందు చెమర్చేవి.

ఓ ఆదివారం పాఠంలో శాంతమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడ మొగుడు పేకాట తప్ప మరో పని చెయ్యడు. శాంతమ్మ పల్లెత్తు మాట అనదు. కోడి కూయకముందే లేస్తుంది, అతనికి వేడినీళ్లు తోడుతుంది, తను గంజి తాగి అతనికి అన్నం పెడుతుంది. ఒకనాడు నీరసించి వాకిట్లో పడిపోతుంది. మొగుడు పరిగెత్తుకొచ్చి, ఆవిడ అరచేతుల్లో కాయలు చూసి బావురుమంటాడు. ఆ క్షణం నుంచి మారిపోతాడు. అక్కడితో పాఠం సరి.

"ఓర్పు ఎంత గొప్పదో చూశారా?" అన్నారు మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఈ పాఠాన్ని మీ జీవితానికి అన్వయించి రాయండి. పది మార్కుల ప్రశ్న. తప్పకుండా వస్తుంది."

లూర్దమ్మ చెయ్యెత్తింది. "మాస్టారూ, ఆడు మారడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?"

"అది కథలో చెప్పలేదమ్మా."

"ఉజ్జాయింపుగానైనా సెప్పండి బాబూ. నాకు ఏప్రిల్లో పరీచ్చలు."

క్లాసంతా నవ్వింది. లూర్దమ్మ నవ్వలేదు. పుస్తకంలో అచ్చయింది కదా, ఎంతో కొంత నిజం లేకపోతే గవర్నమెంటు డబ్బు పెట్టి ఎందుకు వేస్తుందని ఆవిడ ఆలోచన. పైగా ఆ వారమే విభూది బుధవారం, ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలానికి మొదలు. ఆ రోజుల్లో ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు సారా మానేస్తారు. ఈస్టరు దాకా తను నోరు మానేద్దామని ఆవిడ నిర్ణయించుకుంది.

మొదటి రోజు బర్నబా ఎప్పుడో ఎండ చుర్రుమన్నాక లేచేసరికి మంచం పక్కన వేడినీళ్లున్నాయి. ఆయన వాటిని అనుమానంగా చూశాడు. మాటల కోసం ఎదురుచూశాడు. మాటలు రాలేదు. చోడి అంబలి వచ్చింది, నంజుకోవడానికి ఎండుచేప ముక్క కూడా వచ్చింది.

"ఒలే, ఒంట్లో బాగుందేటి?" అని అడిగాడు.

"బాగుంది."

"మరి మాటాడవేటి?"

లూర్దమ్మ శాంతమ్మలా తల వంచుకుని లోపలికి వెళ్లిపోయింది. బర్నబా వెంటనే జాకబ్‌ను పిలిపించాడు. ఆవిడకేదో పెద్ద జబ్బు చేసిందనీ, తనకు చెప్పకుండా దాస్తోందనీ జాకబ్ తేల్చాడు. వారం రోజులు ఇద్దరూ ఆవిడ నడక, దగ్గు, కంటి రంగు పరీక్షించారు. ఏ జబ్బూ కనిపించలేదు. రెండో వారానికి బర్నబా భయం తగ్గింది. మూడో వారానికి ఆ నిశ్శబ్దానికి కారణం తన గొప్పతనమేనని ఆయనకు అర్థమైంది.

"మగోడు మగోడులా ఉంటే ఆడది ఎందుకు మాటాడుతాదిరా?" అని జాకబ్‌కి చెప్పడం మొదలుపెట్టాడు. జాకబ్ ఇప్పుడు భోజనానికి కూడా ఉండిపోతున్నాడు. టీ రెండుసార్ల నుంచి నాలుగుసార్లకు పెరిగింది. పాతికేళ్లలో ఎన్నడూ లేనిది, కూరలో ఉప్పు చాలలేదన్నాడు బర్నబా. లూర్దమ్మ పళ్లు బిగించి ఉప్పు తెచ్చి వేసింది. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు జాయ్ తల్లి మొహంలోకి చూసి, "అమ్మా, నువ్విలాగుంటే నాకు బయమేత్తంది. ఓసారి తిట్టీవా నాన్నని?" అని బతిమాలింది.

బర్నబా నడుము దగ్గర లుంగీ బిగుతైంది. మార్పు అంటూ వచ్చింది అక్కడొక్కచోటే. లూర్దమ్మ మళ్లీ పాఠం తీసి చదువుకుంది. తను ఒక ముక్క వదిలేసిన సంగతి అప్పుడు తెలిసింది. తనింకా పడిపోలేదు.

మర్నాడు అంగన్‌వాడీ నుంచి వచ్చాక, వాకిట్లో మెత్తగా ఉన్న చోటు చూసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆవిడ పడిపోయింది. కాయలు కనిపించేలా అరచేతులు పైకి తిప్పి పెట్టింది.

మంచం కిర్రుమంది. "ఒలే! లూర్దూ! ఏటైపోనాదిరా దీనికి!" బర్నబా నిజంగానే పరిగెత్తుకొచ్చాడు. కళ్లు మూసుకున్న లూర్దమ్మకు ఒక్క క్షణం గుండె కరిగింది. పాఠం నిజమే కాబోలనుకుంది.

"మొకం మీద నీళ్లు కొట్టరా!" అన్నాడు జాకబ్.

బర్నబా బిందె దగ్గరికి పరిగెత్తాడు. ఖాళీ. గోలెం మూత తీశాడు. ఖాళీ. "నీళ్లు నేవురా!"

"ఊటకాడికెళ్లి తెచ్చీ!"

"తెచ్చేది అదే కదరా, అది పడిపోనాది! ఎవలు తెత్తారు?"

"ఊట ఎటేపు?"

"గెడ్డ దిగాలనుకుంటాను. చిన్నప్పుడెళ్లేను."

"నువ్వెళ్లు మరి."

"నానెళ్తే దీని కాడ ఎవలుంటారు? నువ్వెళ్లు."

"నా మోకాలు సంగతి నీకు తెల్దా?"

ఇద్దరు మగవాళ్లు వాదించుకుంటున్నారు. కింద ఎండకు మట్టి కాలుతోంది. ఎర్రచీమ ఒకటి లూర్దమ్మ మోచేతి మీదికి ఎక్కింది. ఆవిడ చాలాసేపు ఓర్చుకుంది. చివరికి కళ్లు తెరవకుండానే, "వంటింట్లో, సట్టి ఎనకాల, సెంబుతో నీళ్లున్నాయి," అంది.

"అమ్మయ్య, లేసింది!" బర్నబా గోడకు చేరగిలబడ్డాడు. "సంపేసేవే! బయంతోటి గొంతు ఎండిపోనాది. బేగి టీ పెట్టు."

ఈస్టరుకింకా రెండు వారాలుంది. ఆ రెండు వారాల లోటునూ దేవుడే తన ఖాతాలో వేసుకుంటాడులే అనుకుని లూర్దమ్మ లేచి నిలబడి నోరు తెరిచింది. అన్నాళ్ల బాకీ ఒక్కసారే తీర్చేసింది. జాకబ్ మోకాలి నొప్పి మరిచిపోయి రోడ్డెక్కాడు. జాయ్ గుమ్మంలో నిలబడి ఏసుకు స్తోత్రం చెప్పింది.

ఆ ఆదివారం లూర్దమ్మ జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి మాస్టారికిచ్చింది. చీమను కూడా వదల్లేదు. రవిబాబు మాస్టారు రెండుసార్లు చదివి తల పట్టుకున్నారు.

"జీవితానికి అన్వయించమన్నాను గానీ, జీవితాన్ని తెచ్చి పేపరు మీద పడెయ్యమన్లేదమ్మా! ఇలా రాస్తే మార్కులు రావు. ఓర్పు వల్ల మీ ఆయన మారాడని రాయండి."

"మారలేదు కదండీ."

"పరీక్షలో మారతాడమ్మా."

మధ్యాహ్నం భోజనానికి మాస్టారు క్యారేజీ విప్పుకున్నారు. ఒక గిన్నెలో పులిహోర, ఒక గిన్నెలో వంకాయ కూర, ఒక గిన్నెలో పెరుగన్నం.

"మేడంగారు ఎప్పుడు లేసారండీ ఇవన్నీ వొండడానికి?" అని లూర్దమ్మ మర్యాదగా అడిగింది.

"ఏమో, నేను లేచేసరికే..." అంటూ మాస్టారు ఆగిపోయి, పులిహోరలోని పల్లీల వైపు కాసేపు చూశారు. తర్వాత తినేశారు.

ప్రశ్న పరీక్షలో వచ్చింది. లూర్దమ్మ కలం పట్టుకుని బర్నబాను మార్చడం మొదలుపెట్టింది. మొదట ఆయన చేత బావురుమనిపించింది. తర్వాత నీళ్లు మోయించింది, వంట చేయించింది, అంట్లు తోమించింది, జాకబ్‌ను గుమ్మంలోంచే పంపించేయించింది. చేతికొచ్చాక ఆగలేకపోయింది. అడిషనల్ షీటు అడిగి, కాళ్లు కూడా పట్టించుకుంది.

సంగతి విన్న బర్నబాకు మహా ఆనందమైంది. "మన పేరు గవర్నమెంటు పేపర్లోకెక్కీసిందిరా," అని జాకబ్‌కి కబురు పెట్టాడు.

"ఎక్కితే ఎక్కింది గానీ నాన్నా," అంది జాయ్ జడ అల్లుకుంటూ, "పేపరు దిద్దేవోళ్లకి అనుమానమొస్తే ఇంటికొచ్చి సూత్తారంట. అబద్దమని తేలితే అమ్మతోపాటు నిన్నూ ఆఫీసుకి పిలుత్తారంట."

లూర్దమ్మ ఖాళీ బిందె తెచ్చి గుమ్మంలో పెట్టింది. బర్నబా బిందె తీసుకుని గెడ్డవాగులోని ఊటకు దారి అడిగాడు. రోడ్డు మీద ప్యాంటూ చొక్కా వేసుకున్న టూరిస్టు ఎవడు కనబడ్డా తనిఖీకొచ్చిన ఆఫీసరేమోనని, ఫలితాలొచ్చేదాకా ఆయన బిందె భుజం మీంచి దించలేదు.

లూర్దమ్మ పాసైంది. అన్నింటికన్నా తెలుగులో ఎక్కువ మార్కులొచ్చాయి. టీచరు ఉద్యోగం ఫైలు మాత్రం ఏదో బల్ల మీద ఆలోచనలో ఉందన్నారు. ఆవిడ ఊరుకోకుండా ఓపెన్ ఇంటర్‌లో చేరింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఆవిడ ఆటో దిగేసరికి బర్నబా మంచం మీంచి తల ఎత్తి, "ఇయ్యాల ఏటి పాఠం సెప్పారే?" అని అడుగుతాడు. పక్షుల గురించో, పర్యావరణం గురించో అంటే మళ్లీ పడుకుంటాడు. ఆలూమగల పాఠమంటే మాత్రం లేచి కూర్చుంటాడు.