అన్నయ్య శ్రుతి

మొన్న మధ్యాహ్నం కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉండగా టీవీలో ఇటలీ దేశంలో ఫిడేళ్ళు చేసే ఒకాయనను చూపించారు. వందల ఏళ్ళ కిందటి పద్ధతిలోనే, యంత్రం ముట్టకుండా, ఆయన కొయ్యపలకను గీసి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటున్నాడు. మనవరాలికి అదొక వింత. నాకు మాత్రం కాదు. అలా కొయ్యకు చెవి ఆనించిన మనిషి ముఖం పాలిపోవడం ఈ కళ్ళతో చూశాను నేను.

మలయాలో తెల్లదొరలకు, అడవి పట్టిన కమ్యూనిస్టులకు పోరు సాగిన ఎమర్జెన్సీ రోజులవి. రబ్బరు తోటల్లో పెరిగినవారికి ఆ ముళ్ళకంచెలు, సాయంత్రమైతే మూతబడే గేట్లు, గుప్పెడు బియ్యమైనా అడవిలోకి పోనివ్వని సోదాలు కొత్తగా చెప్పక్కర్లేదు. పేరాక్‌లో మా రబ్బరు తోటలో నాన్న గుమాస్తా, అన్నయ్య ఆయన కిందే పనిచేసేవాడు, నేను తోట బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను. అన్నయ్య తెల్లవారగానే ఫిడేలు శ్రుతి చేసుకొని కాసేపు వాయించాకే కాఫీ ముట్టేవాడు. ఒకనాడు పక్క తోటలో పెళ్ళికి వాయించడానికి లారీలో బయలుదేరాడు. దారిలో అడవిలోని తిరుగుబాటుదారులు లారీ ఆపి, తక్కినవాళ్ళను వదిలేసి, ఇంగ్లీషు చదువుకున్నవాడని అన్నయ్యను మాత్రం చెట్లలోకి నడిపించుకుపోయారు. మాకు తిరిగొచ్చింది పైపలక చీలిన ఫిడేలు ఒక్కటే.

అమ్మ అన్నం మానేసింది. కొడుకు వచ్చి అడిగితే విరిగినదాన్ని చేతిలో పెడతామా అని ఒకటే మాట. అందుకని నాన్న, నేను దాన్ని కౌలాలంపూర్ తీసుకుపోయాం. ఓడ మీద బాండులో వాయించడానికి వచ్చి ఈ దేశంలోనే ఉండిపోయిన ఇటలీ ఆయన ఒకరు అక్కడొక బట్టల దుకాణం మేడ మీద ఫిడేళ్ళు చేసేవాడు. తమ ఊళ్ళో ఆ విద్య తాతల నాటికే పోయిందట. తన ఈడువాళ్ళు కొందరు పాత ఫిడేళ్ళను విప్పి, కొలిచి, వాటినే గురువులనుకొని మళ్ళీ నేర్చుకున్నారట. ఆ సంగతి వచ్చీరాని మలాయ్‌లో ఎంతో ఇష్టంగా చెప్పాడు. చెబుతూనే అన్నయ్య ఫిడేలు వెనక పలకను తట్టి, చెవి ఆనించి, ఉన్నట్టుండి చెవి వెనక్కి తీసేసుకున్నాడు. వేలు తీసేసినా కొయ్య లోపల మూలుగు ఆగడం లేదన్నాడు. పైపలక మారిస్తే పని సులువే గాని గొంతు మారిపోతుందని హెచ్చరించాడు. గొంతు మారకూడదన్నారు నాన్న.

తోళ్ళు ఉడికించిన జిగురుతో చీలిక అతికి, లోపల సన్నని కొయ్యముక్కలు వేసి బాగుచేశాడు. మేం తీసుకోవడానికి వెళ్ళిన రోజున మాత్రం ఫిడేలును మా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, తాను దూరంగా నిలబడ్డాడు. రోజూ సాయంత్రం తమ దేశపు శ్రుతికి తీగలు బిగిస్తున్నాడట, తెల్లవారేసరికి నాలుగూ దిగిపోయి ఉంటున్నాయట. నన్ను మీటి చూడమన్నాడు. షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, పంచమం. అది అన్నయ్య శ్రుతి. మన సంగీతం ఆయన ఎన్నడూ విని ఎరగడు.

నాన్న నా వైపు తిరిగి, "తడి గాలే, మరేటి కాదు" అన్నారు.

ఇటలీ ఆయనకు నాన్న ముఖం చూసే అర్థమైనట్టుంది. "గాలి తడికి తీగలు దిగుతాయి, నాకూ తెలుసు. ఎక్కడ ఆగాలో గాలికెలా తెలుస్తుంది?" అన్నాడు.

కొత్త అతుకు కుదురుకునేదాకా తమ దేశపు శ్రుతిలోనే ఉంచమని చెప్పి, శ్రుతి చూసుకోవడానికి ఊదే చిన్న పీక ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చాక ఆ పని నాది. సాయంత్రం పీక ఊది బిరడాలు బిగించేదాన్ని. పొద్దున్నే అమ్మ వచ్చి వేలితో మీటేది. తీగలు దిగే ఉండేవి.

"ఆడే దించుకున్నాడు. పరాయి సుతి ఆడికి పడదు గదేటి" అని నవ్వి, ఆ రోజుకి అన్నం తినేది. తలుపులన్నీ వేసి ఉన్న ఇంట్లో ఆ బిరడాలు ఎవరు తిప్పుతున్నారో ఆలోచించడం మానేశాను నేను. భయం లేక కాదు, అమ్మ తింటోందని.

అలా చాలాకాలం సాగింది. ఒక వానాకాలంలో, జల్లు కొడుతున్న ఉదయాన అమ్మ మీటితే తీగలు నేను బిగించినట్టే ఉన్నాయి. మరునాడూ అంతే. ఆ పై రోజు నాన్న అమ్మకంటే ముందు లేచి, గోడకు తగిలించిన ఫిడేలు దగ్గర నిలబడి బిరడా మీద చెయ్యి వేశారు. వెనకనుంచి అమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దండి. దానిసేత అబద్దం సెప్పించకండి. పిల్లడు పోనాడు."

ఏ కబురూ రాకుండా అలాంటి మాట అనకూడదని నాన్న కేకలేశారు. అమ్మ తలారా స్నానం చేసి, వండి, మా ఇద్దరికీ వడ్డించి, తానూ తిన్నది. వానలు వెళ్ళేదాకా ఎదురుచూశాం. తీగలు మళ్ళీ దిగలేదు.

తరవాత మెర్డేకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగిరింది, రేడియోలో జనం కేకలు విని మేమూ కేకలు వేశాం. ఆ మరుసటి ఏడు, అడవి విడిచి లొంగిపోయిన ఒక చైనా ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అరుగు కిందే నిలబడి సంగతి చెప్పాడు. అన్నయ్య జ్వరంతో పోయాడట. ఏ వానల్లో పోయాడో ఆయన చెబుతుంటే నాన్న వేళ్ళ మీద లెక్కేశారు. తీగలు దిగడం మానింది ఆ వానల్లోనే. అన్నయ్య బతికున్నన్నాళ్ళూ తెల్లవారగానే ఒక కర్ర ఒళ్ళో పెట్టుకొని, దాని చివర లేని బిరడాలను తిప్పుతున్నట్టు వేళ్ళు ఆడించేవాడట. మతి పోయిందనుకొని వాళ్ళెవరూ పలకరించేవారు కాదట. మాటల మధ్యలో లోపలికి వెళ్ళిన అమ్మ కాఫీ కలిపి తెచ్చి, తన చేత్తో ఆయనకిచ్చింది.

ఇప్పుడు సైబర్‌జయలో పనిచేసే మనవడు బయలుదేరితే ఏ మలుపులో ఉన్నాడో మా అమ్మాయి ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క కదులుతుంటే చాలు, ఎవరి పనిలో వాళ్ళం ఉంటాం. మంచిదే, అప్పుడు మేం పడ్డ బాధ పిల్లలకు వద్దు. కాని ఒక మనిషి కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గిన ఆ పొద్దులు తలుచుకుంటే, అంతగా వినడం మాతోనే పోతుందేమో అనిపిస్తుంది.